‘మెట్రోపోలిస్’ రచయిత్రి థియా ఫాన్ హార్బూ: కీర్తి ఒకరికి, నింద మరొకరికి

1954 జూన్ 26న పశ్చిమ బెర్లిన్‌లోని డెల్ఫీ సినిమా మందిరంలో ఒక పాత మూకీ చిత్రాన్ని ప్రదర్శించారు. ముప్పై మూడేళ్ల కిందట వచ్చిన ఆ చిత్రం పేరు ‘డెర్ ముయెడె టోడ్’. అలసిన మృత్యువు అని దాని అర్థం. తన ప్రియుడిని తిరిగి ఇమ్మని మృత్యువునే వేడుకొనే యువతి కథ అది. యముని వెంట నడిచిన సావిత్రి కథ ఎరిగిన భారతీయులకు దాని ఎత్తుగడ కొత్తగా తోచదు. అయితే ఈ కథలో మృత్యువు కనికరించినా ప్రాణం వెనక్కి రాదు. ఆమే అతనితో కలిసి వెళ్లిపోతుంది. ఆ చిత్ర రచయిత్రి నాటి ప్రదర్శనకు గౌరవ అతిథిగా వచ్చారు. ప్రదర్శన తరువాత జారిపడి తుంటికి గాయమైంది. దాని నుంచి ఆమె కోలుకోలేదు. జూలై 1న, 65 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆమె పేరు థియా ఫాన్ హార్బూ. ప్రపంచ సినిమా చరిత్రలో ‘మెట్రోపోలిస్’ పేరు వినని వారు అరుదు. ఆకాశాన్నంటే భవనాలు, వాటి అడుగున పాతాళంలో యంత్రాలకు కట్టుబడిన శ్రామికులు, ఒక శాస్త్రవేత్త సృష్టించిన యంత్రస్త్రీ... భావి నగరాన్ని ఊహించిన చిత్రాలన్నిటికీ అది మూలపుటమ్మ వంటిది. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ పేరు చెప్పకుండా దాని ప్రస్తావన ముగియదు. ఆ నగరాన్ని నవలగా, చిత్రకథగా రాసిన హార్బూ పేరు మాత్రం చాలాకాలం ఆయన భార్యగానే వినిపించింది. అదీ ఎక్కువగా ఆ చిత్రంలోని లోపాలను లెక్కపెట్టవలసి వచ్చినప్పుడే.

హార్బూ 1888 డిసెంబరు 27న జర్మనీలోని బవేరియాలో, హోఫ్ పట్టణ సమీపంలోని టౌపర్లిట్జ్ గ్రామంలో జన్మించారు. కుటుంబానిది చిన్నపాటి ప్రభువంశం. పేరుకు తగ్గ సంపద లేదు. చిన్నతనంలోనే కవితలు, కథలు రాసిన ఆమె రంగస్థలాన్ని జీవనోపాధిగా ఎంచుకున్నారు. 1906లో డ్యూసెల్‌డార్ఫ్‌లో నటిగా తొలిసారి వేదిక ఎక్కారు. తరువాత వైమార్, కెమ్నిట్జ్, ఆకెన్ నగరాల నాటకశాలల్లో పనిచేశారు. ఆకెన్‌లో పరిచయమైన నటుడు రుడాల్ఫ్ క్లైన్-రోగ్గెను 1914లో వివాహమాడారు. అప్పటికే నవలా రచయిత్రిగా ఆమెకు పాఠకులు ఏర్పడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ స్త్రీల త్యాగాన్ని, దేశభక్తిని కీర్తిస్తూ ఆమె రాసిన పుస్తకాలు బాగా చెల్లుబాటయ్యాయి. ఈ జాతీయవాద ధోరణిని గుర్తుంచుకోవాలి. తరువాతి జీవితంలో హఠాత్తుగా వచ్చిపడినదేమీ కాదది.

జర్మన్ భాషలో అద్భుత కల్పనకు అప్పటికే శతాబ్దం పైబడిన చరిత్ర ఉంది. ఇ.టి.ఎ. హాఫ్‌మన్ 1816లో వెలువరించిన ‘డెర్ జాండ్‌మాన్’ కథలో కథానాయకుడు ఒలింపియా అనే అమ్మాయిని ప్రేమించి, ఆమె మరబొమ్మ అని తెలిసి మతి తప్పుతాడు. గోథా పట్టణంలో ఉపాధ్యాయుడైన కుర్ట్ లాస్‌విట్జ్ 1897లో కుజగ్రహవాసులు ఉత్తర ధ్రువంలో దిగడాన్ని రెండు సంపుటాల నవలగా రాశారు. ఒకటి భయపెట్టే కల్పన. రెండవది శాస్త్రీయంగా లెక్కకట్టిన కల్పన. హార్బూ రచనల్లో ఈ రెండు పాయలూ కలిశాయి. అయితే ఆమె కలం మొదట వెళ్లింది భవిష్యత్తులోకి కాదు, భారతదేశానికి.

1918లో వెలువడిన ‘దాస్ ఇండిషె గ్రాబ్‌మాల్’ అనే నవల పేరుకు భారతీయ సమాధి అని అర్థం. ఒక మహారాజు ఐరోపా నుంచి వాస్తుశిల్పిని పిలిపించి, తన ప్రియురాలికి తాజ్‌మహల్ వంటి సమాధి కట్టమంటాడు. ఆ ప్రియురాలు ఇంకా బతికే ఉందని శిల్పికి తరువాత తెలుస్తుంది. యోగులు, పులులు, సర్పాలు, పగబట్టిన రాజు... భారతదేశాన్ని చూడకుండా పుస్తకాల మీద ఆధారపడి అల్లిన కథ. ఈనాడు చదివితే నవ్వు రావచ్చు, చిరాకూ కలగవచ్చు. కానీ యుద్ధంలో ఓడి, ఆకలితో ఉన్న జర్మన్లకు ఆ దూరదేశపు ఐశ్వర్యం మత్తెక్కించింది. నిర్మాత జో మే చిత్రీకరణ హక్కులు కొన్నారు. చిత్రానువాదం కోసం హార్బూకు జోడీగా వచ్చిన యువ రచయితే ఫ్రిట్జ్ లాంగ్. దర్శకత్వం తనకే వస్తుందని లాంగ్ ఆశపడ్డారు. అంత పెద్ద చిత్రాన్ని జో మే తన చేతిలోనే ఉంచుకున్నారు. 1921లో అది రెండు భాగాలుగా విడుదలైంది. లాంగ్‌కు ఆ చిత్రం దక్కలేదు కానీ, సహరచయిత్రి దొరికారు. క్లైన్-రోగ్గెతో విడిపోయిన హార్బూ 1922లో లాంగ్‌ను పెళ్లి చేసుకున్నారు. విశేషమేమిటంటే, మాజీ భర్త ఆ తరువాత కూడా వారి చిత్రాల్లో ప్రధాన ప్రతినాయకుడిగా నటిస్తూనే వచ్చారు. డాక్టర్ మబూజె ఆయనే, ‘మెట్రోపోలిస్’లో పిచ్చి శాస్త్రవేత్త రోట్‌వాంగ్ ఆయనే.

పదకొండేళ్ల దాంపత్యంలో లాంగ్ తీసిన జర్మన్ చిత్రాలన్నిటి రచనలో హార్బూ చేయి ఉంది. ‘నిబెలుంగెన్’ పురాణగాథ, ‘స్పియోనె’, ‘ఎమ్’ వాటిలో కొన్ని. మూర్నౌ, డ్రాయర్ వంటి ఇతర దర్శకులకూ ఆమె రాశారు. జర్మన్ మూకీ సినిమా స్వర్ణయుగంలో ఇంత నిలకడగా, ఇంత విస్తారంగా రాసిన వారు మరి కొందరే ఉంటారు.

‘మెట్రోపోలిస్’ పుట్టుక గురించి ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. 1924 అక్టోబరులో న్యూయార్క్ రేవుకు చేరిన నౌకలో నుంచి లాంగ్ ఆ నగర దీపకాంతులను చూశారనీ, ఆ క్షణంలోనే చిత్రం ఆయన మనసులో రూపుదిద్దుకున్నదనీ ఆ కథ సారాంశం. ఈ కథను ఎంతో ఇష్టంగా చెప్పింది లాంగే. వాస్తవానికి ఆ ప్రయాణానికి ముందే, అదే ఏడాది వేసవిలో, హార్బూ చిత్రకథ పనిలో ఉన్నారు. న్యూయార్క్ దృశ్యం తెరమీది భవనాలకు రూపమిచ్చి ఉండవచ్చు. కథకు మాత్రం కాదు. నవల 1926లో పత్రికలో ధారావాహికగా వచ్చి, అదే ఏడాది పుస్తకమైంది. చిత్రం 1927 జనవరి 10న బెర్లిన్‌లో విడుదలైంది.

కథా సూత్రం సరళమైనదే. నగరాధిపతి యో ఫ్రెడర్సెన్ పైనుండి పాలిస్తుంటాడు. అతని కొడుకు ఫ్రెడర్ ఒకనాడు పాతాళానికి దిగి శ్రామికుల దుస్థితిని చూస్తాడు. మరియా అనే యువతి అక్కడ వారికి ఓర్పును బోధిస్తుంటుంది. ఆమె ప్రభావాన్ని దెబ్బతీయడానికి రోట్‌వాంగ్ తన యంత్రస్త్రీకి మరియా రూపం ఇస్తాడు. రామాయణంలో ఇంద్రజిత్తు సృష్టించిన మాయాసీతను తలపించే ఈ మాయామరియా శ్రామికులను రెచ్చగొట్టి, వారి చేతులతోనే వారి నగరాన్ని ముంచేలా చేస్తుంది. చివరకు తండ్రికి, శ్రామికులకు మధ్య కొడుకు సంధి కుదురుస్తాడు. ఆలోచించే తలకు, శ్రమించే చేతికి నడుమ హృదయం మధ్యవర్తి కావాలన్నది హార్బూ ప్రతిపాదన.

ఆ ముగింపుపై వచ్చినన్ని విమర్శలు మరే చిత్రం ముగింపుపైనా వచ్చి ఉండవు. హెచ్.జి. వెల్స్ విడుదలైన ఏడాదే తీవ్రంగా దుయ్యబట్టారు. యజమాని యజమానిగానే, కూలీ కూలీగానే మిగిలిపోయి, ఒక కరచాలనంతో అన్యాయం తీరిపోవడం నమ్మశక్యం కాదన్న ఆక్షేపణలో న్యాయం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జీగ్‌ఫ్రీడ్ క్రాకావర్ ఆ సామరస్యంలో నాజీ ప్రచార ధోరణికి దగ్గరితనాన్ని చూశారు. లాంగ్ కూడా తరువాతి కాలంలో ఆ ముగింపుకు దూరం జరిగి, ఆ భావన తన భార్యదన్నారు. తన బాధ్యతను మాత్రం పూర్తిగా కాదనలేదు. అప్పటికే చరిత్ర పంపకం పూర్తి చేసింది. దృశ్యాల వైభవమంతా ఆయన ఖాతాలోకి, భావాల బలహీనతంతా ఆమె ఖాతాలోకి వెళ్లాయి. ఆ యంత్రస్త్రీ, ఆ రెండంతస్తుల లోకం, పనివేళ మారగానే తలవంచి నడిచే మనుషుల వరుసలు మొదట కాగితం మీద పుట్టినవేనన్న సంగతి ఈ పంపకంలో మరుగునపడింది.

నిర్మాణ సంస్థ ఉఫాకు ఈ చిత్రం మోయలేని భారమైంది. 15 లక్షల మార్కులతో ముగుస్తుందనుకున్నది 50 లక్షలు దాటింది. ఖర్చు రాబట్టుకొనే ఆత్రంలో చిత్రాన్ని కత్తిరించారు. అమెరికాలో కథనే మార్చివేశారు. నవలలో రోట్‌వాంగ్ ద్వేషానికి కారణం హెల్ అనే స్త్రీ. అతడు ప్రేమించిన ఆమె ఫ్రెడర్సెన్‌ను పెళ్లాడి, ఫ్రెడర్‌కు జన్మనిస్తూ మరణిస్తుంది. రోట్‌వాంగ్ యంత్రస్త్రీని తయారు చేసింది ఆ లోటు తీర్చుకోవడానికే. హెల్ అనే పేరు ఇంగ్లిషులో నరకమనే మాటలా వినిపిస్తుందని అమెరికన్లు ఆ భాగమంతా తొలగించారు. దాంతో కథకు ప్రాణమైన పగ, దుఃఖం మాయమయ్యాయి. శాస్త్రవేత్త కారణం లేని పిచ్చివాడిగా మిగిలాడు. కథ బలహీనంగా ఉందని రచయిత్రిని నిందించిన అనేకులు చూసింది ఈ కత్తిరించిన ప్రతినే.

రెండేళ్ల తరువాత వచ్చిన ‘ఫ్రావ్ ఇమ్ మోండ్’ (చంద్రుడిపై స్త్రీ) కూడా మొదట హార్బూ నవలే. ఈసారి కల్పనకు శాస్త్రం తోడైంది. రాకెట్ సిద్ధాంతంలో ఆద్యుల్లో ఒకరైన హెర్మాన్ ఓబెర్ట్ సలహాదారుగా ఉన్నారు. రాకెట్ పెద్ద షెడ్డులో నిలువుగా తయారై, అలాగే ప్రయోగస్థలానికి కదులుతుంది. దశలు ఒకటొకటిగా విడిపోతాయి. భారరహిత స్థితిలో కాళ్లు నిలపడానికి నేలకు పట్టీలుంటాయి. ప్రయోగానికి ముందు అంకెలు పెద్దవాటి నుంచి చిన్నవాటికి దిగుతూ తెరపై కనిపిస్తాయి. శ్రీహరికోటలో ప్రతి ప్రయోగానికి ముందు తెలుగువారు ఊపిరి బిగబట్టి వినే కౌంట్‌డౌన్ అంతరిక్ష కథనంలోకి ప్రవేశించింది ఈ మూకీ చిత్రంతోనే. లెక్క పైకి పోతే ఎక్కడ ఆగుతుందో ప్రేక్షకుడికి తెలియదు గనుక కిందికి దింపానని లాంగ్ తరువాత వివరించారు. ఇక చంద్రుడిపై గాలి, గుట్టలుగా బంగారం ఉండటం మాత్రం శాస్త్రం కాదు, కథ కోసం వేసిన మెట్టు.

ఆ నౌకలో ఖగోళశాస్త్ర విద్యార్థిని ఫ్రీడె కూడా ఉంటుంది. ఆ పేరుకు శాంతి అని అర్థం. నౌకకూ అదే పేరు. తిరుగు ప్రయాణానికి ప్రాణవాయువు అందరికీ చాలదని తేలినప్పుడు ఒకరు చంద్రుడిపై ఉండిపోవాలి. నాయకుడు హేలియస్ తాను ఆగిపోయి నౌకను పంపించివేస్తాడు. ఒంటరినని అతడు కుమిలిపోతున్న వేళ, ఫ్రీడె కూడా వెళ్లకుండా ఆగిపోయిందని కనుగొంటాడు. వాలెంటీనా తెరెష్కోవా 1963లో అంతరిక్షానికి వెళ్లడానికి 34 ఏళ్ల ముందు తెరకెక్కిన ఊహ ఇది. ఆ శాంతి నౌకకు ఎదురైన విధి మాత్రం చేదైనది. పీనెమ్యుండె కేంద్రం నుంచి 1942 అక్టోబరు 3న విజయవంతంగా ఎగిరిన తొలి వి-2 క్షిపణి అడుగుభాగంపై ‘ఫ్రావ్ ఇమ్ మోండ్’ చిహ్నాన్ని చిత్రించారు. లండన్, ఆంట్‌వెర్ప్ నగరాలపై విరుచుకుపడిన ఆయుధం అదే.

ఈ చిత్రాల నాటి బెర్లిన్‌లో భారతీయులు తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో పుట్టిన వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ అక్కడి నుంచే వలసపాలన వ్యతిరేక ఉద్యమాన్ని నడిపారు. వాల్తేరులో పుట్టిన దేవికారాణి ఉఫా స్టూడియోల్లోనే చిత్రకళలో శిక్షణ పొందారు. విద్యార్థులు, పాత్రికేయులు, విప్లవకారులు అనేకులు ఉండేవారు. బెళగావి ప్రాంతం నుంచి వచ్చిన ఆయి గణపత్ టెండూల్కర్ వారిలో ఒకరు. హార్బూ కంటే పదహారేళ్లు చిన్నవాడైన ఈ పాత్రికేయుడితో ఆమెకు పరిచయం ప్రేమగా మారింది. లాంగ్‌తో దాంపత్యం అప్పటికే బీటలువారింది. ఆయన జీవితంలోనూ ఇతర స్త్రీలు ఉన్నారు. వారిద్దరి చివరి చిత్రం ‘డాక్టర్ మబూజె వీలునామా’ను 1933 మార్చిలో నాజీ ప్రభుత్వం నిషేధించింది. ఏప్రిల్‌లో విడాకులు మంజూరయ్యాయి. లాంగ్ ఆ ఏడాదే దేశం విడిచారు. గోబెల్స్ పదవి ఇస్తానన్న రోజు రాత్రే రైలెక్కానని ఆయన చెప్పుకున్నా, ఆ తరువాత నెలల తరబడి ఆయన జర్మనీకి వచ్చి పోతున్నట్టు పాస్‌పోర్టు ముద్రలు తేల్చాయి.

హార్బూ వెళ్లలేదు. ఆమె జీవితంలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1931లో గర్భస్రావాన్ని నేరంగా పరిగణించే 218వ సెక్షన్‌కు వ్యతిరేకంగా స్త్రీల పక్షాన గొంతెత్తిన రచయిత్రి, నాజీ పాలనలో తీరిక లేని చిత్ర రచయిత్రి అయ్యారు. 1934లో రెండు చిత్రాలకు స్వయంగా దర్శకత్వం వహించి, ఆ పని తనకు నప్పదని మళ్లీ రచనకే మళ్లారు. నాజీ పార్టీలో చేరారు. 1937లో వచ్చిన ‘డెర్ హెర్షర్’కు సహరచయిత్రి ఆమే. వృద్ధ పారిశ్రామికవేత్త ఒకరు తన కర్మాగారాన్ని సొంత పిల్లలకు కాదని జాతికి రాసిచ్చే ఆ కథ ప్రభుత్వ బహుమానం పొందింది. ‘మెట్రోపోలిస్’ చివర శ్రామికులతో చేయి కలిపిన యజమాని ఇక్కడ జాతినాయకుడి నీడగా మారాడు. పదేళ్లలో ఆ కరచాలనం ఎంత దూరం వచ్చిందో చూడవచ్చు.

అదే కాలంలో ఆమె ఇంటి తలుపుల వెనుక మరో జీవితం సాగింది. జాతి స్వచ్ఛతను చట్టం చేసిన దేశంలో, ప్రభుత్వానికి కావలసిన ప్రముఖ రచయిత్రి ఒక భారతీయుడిని రహస్యంగా పెళ్లాడారు. బెర్లిన్‌లో చిక్కుకున్న భారతీయ విద్యార్థులకు అన్నం, ఆసరా కల్పించారు. యుద్ధం ముంచుకొచ్చే వేళ టెండూల్కర్ స్వదేశానికి తిరిగి వచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. దంపతులు మళ్లీ కలిసి బతకలేదు. గాంధీజీ అనుయాయి ఇందుమతి గుణాజీని టెండూల్కర్ 1945లో సేవాగ్రామ్‌లో, గాంధీజీ ఆశీస్సులతో వివాహమాడారు. ఆ దంపతుల కుమార్తె లక్ష్మీ టెండూల్కర్ ధౌల్ ఈ మూడు జీవితాల కథను 2013లో పుస్తకంగా వెలువరించడంతో హార్బూ భారతీయ బంధం విస్తృతంగా తెలిసింది.

యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం 1945 జూలై నుంచి అక్టోబరు వరకు హార్బూను స్టాముయెలె శిబిరంలో నిర్బంధించింది. అక్కడా ఊరుకోక తోటి ఖైదీలతో గోథే ‘ఫౌస్ట్’ నాటకం ఆడించారు. భర్త వంటి భారతీయులకు సాయపడేందుకే పార్టీలో చేరానని ఆమె సంజాయిషీ ఇచ్చారు. భారతీయులకు ఆమె సాయపడ్డారు, అది నిజం. కానీ ‘డెర్ హెర్షర్’ రాయడం వల్ల ఏ భారతీయుడికీ ఒరిగిందేమీ లేదు. తొలినాటి యుద్ధ పుస్తకాల్లోని దేశభక్తురాలికి ఆ ప్రభుత్వంలో పరాయితనం అనిపించి ఉండదు. ఆ మనిషే ఆ ప్రభుత్వం ఒప్పని ప్రేమనూ ఇంట్లో నిలుపుకున్నారు. ఒక సత్యంతో మరొకదాన్ని చెరిపివేయడం కుదరదు.

విడుదలయ్యాక బెర్లిన్ వీధుల్లో శిథిలాలు ఎత్తే స్త్రీలతో కలిసి పనిచేశారు. తరువాత విదేశీ చిత్రాలకు జర్మన్ డబ్బింగ్ మాటలు రాశారు. 1951లో వచ్చిన ‘డాక్టర్ హోల్’ ఆమె రచనే. రక్తపోటు, నరాల నొప్పి, తలపోటు వేధిస్తుంటే మంచం మీద నుంచే చెప్పి రాయించేవారు. డెల్ఫీ ప్రదర్శనకు పిలుపు వచ్చింది అలాంటి రోజుల్లోనే.

ఆమె మరణించిన నాలుగేళ్లకు లాంగ్ జర్మనీకి తిరిగి వచ్చారు. చేతికి తీసుకున్నది ఏదో కాదు, నలభై ఏళ్ల కిందట తనకు దక్కకుండా పోయిన ‘దాస్ ఇండిషె గ్రాబ్‌మాల్’. 1938లో రిచర్డ్ ఐక్‌బెర్గ్ ఒకసారి తీసిన ఆ కథను లాంగ్ ఉదయ్‌పూర్‌లో చిత్రీకరించి, 1959లో రెండు భాగాలుగా విడుదల చేశారు. హార్బూ ఊహించిన రాజస్థానం ఆమె లేకుండా నిజమైన సరోవర సౌధాల మధ్య తెరకెక్కింది.

‘మెట్రోపోలిస్’కు మరికొంత కాలం పట్టింది. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినప్పటికీ చిత్రంలో పెద్ద భాగం లేనేలేదు. 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లోని సినిమా మ్యూజియంలో, గీతలు పడిన 16 మిల్లీమీటర్ల ప్రతి ఒకటి బయటపడింది. దాదాపు 25 నిమిషాల అదనపు దృశ్యాలు అందులో ఉన్నాయి. పునరుద్ధరించిన చిత్రాన్ని 2010 ఫిబ్రవరి 12న బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. మంచు కురిసే చలిలో బ్రాండెన్‌బర్గ్ ద్వారం వద్ద ఆరుబయట తెర ముందు జనం నిలబడి చూశారు. రోట్‌వాంగ్ ఇంట్లో తెర తొలగుతుంది. హెల్ విగ్రహం కనిపిస్తుంది. దాని ముందు ప్రేమించిన స్త్రీని పోగొట్టుకున్న ఇద్దరు ముసలి పురుషులు ఎదురెదురుగా నిలబడతారు. హార్బూ రాసిన ఆ ఘట్టం ఎనభై మూడేళ్ల తరువాత ప్రేక్షకుల ముందుకు వచ్చింది.